పదకొండు అంగుళాల రోడ్డు

మాస్టారు జీవితంలో ఒక్కసారి కూడా రబ్బరు కొనలేదు. ఈ మాట ఎవరూ అడక్కపోయినా ఆయనే చెప్పుకునేవాడు. నక్షాల విభాగంలో ముప్ఫయ్యారేళ్లు బల్ల ముందు కూర్చుని ఏటి వంపులూ కొండల మడతలూ గీసి రిటైరైన మనిషి. గీసిన గీతను తుడవాల్సిన అవసరం ఆయనకు రాలేదట. అందుకే ఆఫీసులో ఆయన్ని 'రబ్బరులేని మాస్టారు' అనేవాళ్లు. ఎదురుగా అన్నప్పుడు గౌరవంగానే అనేవాళ్లు. వెనకాల అన్నప్పుడు ఎలా అనేవాళ్లో మనకు అనవసరం.

పదేళ్లు ఒక్క తప్పూ లేకుండా పనిచేసినందుకు డిపార్టుమెంటు ఆయనకు ఒక గోడ గడియారం ఇచ్చింది. అది ముందుగదిలో, వచ్చినవాళ్లకు తప్పనిసరిగా కనపడేచోట వేలాడుతుంది. కింద ఇత్తడి పలక మీద 'తప్పెరగని చేతికి' అని చెక్కి ఉంటుంది. ఆ గడియారం ఎప్పుడూ ఏడు నిమిషాలు వెనకే ఉంటుంది. ఆ సంగతి మాత్రం మాస్టారు ఒప్పుకోడు. లోకమే ఏడు నిమిషాలు ముందుకు పరిగెడుతోందంటాడు.

అలాంటి మనిషికి ఒకనాటి సాయంత్రం కాఫీ తాగుతుంటే పొలమారింది. దానికి కారణం కోడలు.

కోడలు కూడా అదే ఆఫీసులో పనిచేస్తుంది. పాత నక్షాలన్నీ ఉండే రికార్డు గది తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. సంచీ కుర్చీలో పడేసి, చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"మామయ్యా, ఉత్తరపు కొండ అడవిలో రోడ్డు గీసింది మీరేనా?"

మాస్టారు దగ్గు ఆపుకుని, మూతి తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"నేను రోడ్డు గీయలేదు. కాలిబాట గీశాను. చుక్కల గీత. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని బండిబాట చేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎర్రగీత పెట్టి రోడ్డు చేశారు."

"అంటే మీకంటే ఎక్కువ ప్రమోషన్లు దానికే వచ్చాయన్నమాట. పోనీ, ఆ కాలిబాటైనా నిజంగా ఉందా?"

"నా చేయి లేనిది గీయదు."

"గీయదు, ఇంట్లో ఒక్క గ్లాసూ తీయదు," అంది వంటగదిలోంచి ఆయన భార్య.

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుని సంగతంతా చెప్పింది. ప్రభుత్వం దగ్గర దారిలేని అడవుల జాబితా ఒకటుంది. లోపల రోడ్డన్నది లేని అడవులకు ఆ జాబితాలో చోటు. అందులోకి ఎక్కిన అడవిలో కొత్తగా రోడ్డు వేయకూడదు, చెట్టు కొట్టకూడదు, కొండ తవ్వకూడదు. ఉత్తరపు కొండ అడవి ఇన్నాళ్లూ నిశ్చింతగా ఆ జాబితాలోనే ఉంది. ఇప్పుడొక గనుల కంపెనీ వచ్చి, మీ సొంత నక్షాలోనే ఇందులో పదకొండు మైళ్ల రోడ్డు చూపించారు కదా, ఇది దారిలేని అడవి ఎలా అవుతుందని అడిగింది. ఉన్న రోడ్డును వెడల్పు చేసుకోవచ్చని నియమాల్లో ఉంది. రోడ్డు వెడల్పయితే లారీలు వెళతాయి. ఆ ఎర్రగీత సరిగ్గా కొండ పాదం దగ్గర ఆగుతుంది. కంపెనీకి కావలసిందేమో ఆ కొండ కడుపులోనే ఉంది.

"సర్వే చేసినాయన పెన్సిలుతో గీసిన అసలు పత్రం దొరికితే ఇట్టే తేలిపోతుంది మామయ్యా. మూడు వారాల నుంచి వెతుకుతున్నాను. ఉండాల్సిన అరలో లేదు."

మాస్టారు ఖాళీ అయిన కప్పును మళ్లీ ఎత్తి తాగాడు. ఆ పత్రం ఎక్కడుందో ఈ భూమ్మీద తెలిసింది ఆయనొక్కడికే. అందులో ఏముందో తెలిసిందీ ఆయనొక్కడికే.

అందులో ఉన్నది ఒక వెంట్రుక.

నలభై ఏళ్ల కిందటి మాట. అప్పట్లో సర్వే పత్రాల మీద పెన్సిలు గీతలు చెరగకుండా, నకలు గీసే ముందు పల్చటి గంజి పూత వేసేవాళ్లు. ఆఫీసు గంజి ఉండలు కట్టేది. కొత్తగా పెళ్లైన మాస్టారు ఇంటి నుంచి గంజి తీసుకెళ్లేవాడు. భార్య కాచి, గుడ్డతో వడగట్టి, ఏనాడూ ఉండ కట్టని గంజి ఇచ్చేది. ఒకరోజు ఆ గంజితో పాటు ఆమె జడ కొసలోంచి తెగిన వెంట్రుక ఒకటి ఆఫీసుకు వెళ్లింది. పూతలో కలిసి, పత్రం మీద సన్నగా పరుచుకుని, ఆరిపోయింది. మర్నాడు మాస్టారు పైన పారదర్శకపు గుడ్డ పరిచి, కింద దీపం పెట్టుకుని నకలు గీస్తూ ఏటి వంపు దగ్గర ఒక సన్నటి గీత చూశాడు. సర్వే ఆయన కాలిబాటలను ఇలాగే వెంట్రుకవాసి గీతలతో చూపిస్తాడు కదా అనుకున్నాడు. ఒక్కో చుక్కా పెట్టుకుంటూ కొండ పాదం దాకా వెళ్లాడు. నక్షా అంగుళానికి మైలు లెక్కన గీసింది. వెంట్రుక పొడవు పదకొండు అంగుళాలు.

అసలు సంగతి ఆరేళ్ల తర్వాత బయటపడింది. రెండో ముద్రణ కోసం ఆ పత్రం తీస్తే, కిటికీలోంచి ఏటవాలుగా పడ్డ ఎండలో కాలిబాట తళుక్కుమంది. కాలిబాటలు తళుక్కుమనవు. మాస్టారు గోటితో తడిమి చూశాడు. అది వెంట్రుక. పరిగెత్తుకెళ్లి పైవాళ్లకు చెప్పాల్సిందే. కానీ గడియారం ఇంటికొచ్చి అప్పటికి సరిగ్గా వారమైంది. చుట్టాలందరూ వచ్చి చూసి వెళ్లారు. మాస్టారు పత్రాన్ని చుట్టి గొట్టంలో పెట్టి, 'సముద్ర తీరాలు' అని రాసున్న అరలో తోసేశాడు. ఆ చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేదు. ఆ అర ఉన్న బీరువా పాతసామాన్లతో పాటు ఎక్కణ్నుంచో వచ్చింది. దాన్ని తెరవాల్సిన పని ఎవరికీ పడలేదు.

కోడలికి ఇదంతా చెబితే అడవి దక్కుతుంది, చెప్పకపోతే పేరు దక్కుతుంది. రెండూ దక్కించుకునే ఉపాయం కోసం మాస్టారు రెండ్రోజులు ఆలోచించాడు. దొరికింది కూడా.

"అమ్మాయ్, విచారణకొచ్చే అధికారిణిని అడవికి రమ్మను. కంపెనీ మేనేజరునూ పిలువు. నక్షా పట్టుకుని నేనే దగ్గరుండి నడిపిస్తాను. గీత ఎటు పోతే అటు, ఒక్క అడుగు తేడా లేకుండా. రోడ్డుందో లేదో వాళ్ల కళ్లతో వాళ్లే చూసుకుంటారు."

"మీకు అడవిలో దారి తెలుసా?"

"గీసిన వాణ్ని, నాకు తెలియకపోవడమేమిటి?"

నిజానికి మాస్టారు ఏ అడవిలోనూ కాలు పెట్టి ఎరుగడు. ముప్ఫయ్యారేళ్లు వేల మైళ్లు గీశాడు కానీ, ఇల్లూ ఆఫీసూ దాటి నడిచింది తక్కువ.

ఆ రోజు పొద్దున్నే నలుగురూ ఏటి వంపు దగ్గర దిగారు. అధికారిణి మాట తక్కువ మనిషి. నోట్సు పుస్తకం చంకలో పెట్టుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపి, ఎంత దూరమైనా సరే అన్నట్టు నిలబడింది. కంపెనీ మేనేజరు గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వచ్చాడు. కోడలు ఆయనకు అక్కడికక్కడే 'ఇస్త్రీ చొక్కా' అని పేరు పెట్టేసి, మామగారి చెవిలో ఊదింది. మాస్టారు రిటైరైనప్పుడు కొన్న గుడ్డబూట్లు ఇన్నాళ్లకు పెట్టెలోంచి తీశాడు.

దారి వెతుక్కునే శ్రమ కంపెనీ మనుషులు తప్పించారు. ముందే వచ్చి, నక్షాలో గీత పొడవునా కొట్టాల్సిన చెట్లకు తెల్లరంగుతో నంబర్లు వేసి వెళ్లారు. ఒకటి, రెండు, మూడు అంటూ చెట్లు వరసగా లోపలికి పిలుస్తున్నాయి.

రోడ్డు మొదట్లోనే బురదలోకి దిగింది. మాస్టారు హుషారుగా దిగాడు, నడుము దాకా మునిగాడు. "రండి రండి, రోడ్డిదే," అన్నాడు. ఇస్త్రీ చొక్కా గట్టు మీదుగా పోదామని చూశాడు.

"గట్టు మీద రోడ్డు లేదండీ. నక్షా ప్రకారం మీరిప్పుడు రోడ్డు దిగిపోయారు," అన్నాడు మాస్టారు.

అధికారిణి బురదలోకి దిగింది. ఇక ఇస్త్రీ చొక్కాకు తప్పలేదు.

అక్కణ్నుంచి రోడ్డు ఏటిని దాటింది. యాభై అడుగులు పోయి మళ్లీ అదే ఏటిని ఇవతలికి దాటింది. ఇంకొంచెం దూరం పోయాక ఏదో పని ఉన్నట్టు మళ్లీ అవతలికి వెళ్లింది. నాలుగోసారి దాటేటప్పుడు అధికారిణి నీళ్ల మధ్య నిలబడి అడిగింది.

"ఈ దారిన పోయేవాళ్లకు ఏటితో ఏమైనా చుట్టరికం ఉందా?"

"పశువులకు నీళ్లు పెట్టేవాళ్లేమో మేడమ్," అన్నాడు ఇస్త్రీ చొక్కా.

తర్వాత రోడ్డు తిన్నగా ఒక బండ అంచుకు వెళ్లి, అక్కణ్నుంచి నలభై అడుగులు కిందికి దిగింది. వంగి చూస్తే కింద చెట్ల తలలు కనిపించాయి. కంపెనీ మనుషులు పైన చెట్టుకు నంబరు వేసి, చుట్టూ తిరిగి వెళ్లి కింద చెట్టుకు తర్వాతి నంబరు వేశారు.

"అప్పట్లో మెట్లుండేవేమో మేడమ్," అన్నాడు ఇస్త్రీ చొక్కా.

"బళ్లు వెళ్లే దారి కదండీ ఇది," అంది కోడలు అమాయకంగా. "బళ్లు మెట్లు దిగేవా?"

మాస్టారు లోపల్లోపల పొంగిపోతున్నాడు. ఇంకేముంది, పని అయిపోయినట్టే! వాళ్లూ చుట్టూ తిరిగి కిందికి దిగి, మూడో మైలు దగ్గరికి చేరారు. అక్కడ గీత ఒక వింత చేసింది. గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి, మళ్లీ ముందుకు సాగింది.

"ఇదెందుకు?" అంది అధికారిణి.

"ఏదో మర్చిపోయి వెనక్కొచ్చుంటారు మేడమ్," అన్నాడు ఈసారి మాస్టారే.

ఆ చుట్టు ఎందుకో ఆయనకు తెలుసు. భార్య జుట్టు కొసల్లో అలా రింగు తిరిగేది. నలభై ఏళ్ల కిందట ఆ రింగు చుట్టూ ఎంతో శ్రద్ధగా పద్నాలుగు చుక్కలు పెట్టాడు.

ఆ పద్నాలుగు చుక్కల మధ్య ఏముందో ఇప్పుడు మొదటిసారి చూశాడు. ఒక చెట్టు ఉంది. నలుగురూ చేతులు చాచి పట్టుకున్నా చుట్టూ అందదు. వేళ్ల మధ్యలో ఒక ఊట, ఊట పక్కన ఏదో జంతువు కాసేపటి కిందటే నీళ్లు తాగి వెళ్లిన గుర్తులు. పైన ఎక్కడో కొమ్మల్లో పిట్టలు వీళ్లను చూసి ఒక్క క్షణం ఊరుకుని, పట్టించుకోవాల్సిన వాళ్లు కాదని తేల్చుకుని మళ్లీ మొదలుపెట్టాయి. నక్షాలో ఈ చోటుకు మాస్టారు వాడినది చిటికెడు ఆకుపచ్చ రంగు. ఆయన బురద చేత్తో చెట్టును తాకాడు. చేతి పక్కనే ఇంకా పచ్చి ఆరని తెల్లరంగులో 612 అని ఉంది.

ఆరువందల పన్నెండు. అంటే ఇక్కడిదాకానే తన చుక్కల కింద ఆరువందల పన్నెండు చెట్లు. ఇంకా ఎనిమిది మైళ్లు మిగిలే ఉంది. పొద్దుటి నుంచీ ఉన్న హుషారు ఒక్కసారిగా దిగిపోయింది. మాస్టారికి సిగ్గేసింది.

అధికారిణి నోట్సు పుస్తకం తెరిచింది. "రోడ్డేమీ కనపడలేదు," అంది.

ఇస్త్రీ చొక్కా ఇప్పుడు మట్టి చొక్కా అయింది కానీ, మనిషి మాత్రం నలగలేదు. "అవును మేడమ్, రాసుకోండి. నలభై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోక రోడ్డు పూర్తిగా పాడైపోయింది. అత్యవసరంగా మరమ్మతు చేయాలి. ఇంత పాడైందని మాక్కూడా ఇవాళ్టిదాకా తెలియదు. చూపించినందుకు మాస్టారికి చాలా థాంక్స్."

కోడలు తల పట్టుకుంది.

"నాకూ ఇది రోడ్డనిపించట్లేదు," అంది అధికారిణి నెమ్మదిగా. "కానీ నలభై ఏళ్లలో అడవి ఎన్ని దారుల్ని మింగలేదు? ఇప్పుడు కనపడనంత మాత్రాన అప్పుడు లేదనడానికి లేదు. ప్రభుత్వం అచ్చువేసిన నక్షాను నా కళ్లతో కొట్టేయలేను. గీసిన మనిషే అసలు పత్రం చూపించి, ఈ గీత తప్పని సంతకం పెట్టాలి. మాస్టారూ, మీరే చెప్పండి. మీ గీత తప్పా?"

అందరూ ఆయన వైపు చూశారు. మాస్టారు నిజం చెబుదామనే నోరు తెరిచాడు. కానీ ఆ నోటికి నలభై ఏళ్ల అలవాటు. ఆయనతో సంబంధం లేకుండా అది పలికేసింది.

"నా చేయి లేనిది గీయదు."

"సరే. ఎల్లుండి పది గంటలకు విచారణ. ఆ రోజే ఉత్తర్వు ఇచ్చేస్తాను," అని పుస్తకం మూసేసింది.

తిరిగొచ్చేటప్పుడు కోడలు మామగారిని వదిలేసి ముందు నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వంటగదికి రావడమే పెద్ద విశేషం. భార్య పొయ్యి మీద గంజి కాస్తోంది. ఆ ఇంట్లో బట్టలకు ఇప్పటికీ ఆమె గంజే. తెల్లదనం కోసం అందులో చిటికెడు నీలిమందు కలపడం మొదటి నుంచీ ఆమె అలవాటు.

"నీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు.

"గ్లాసు ఎక్కడుందో అడగడానికైతే, మీ కళ్ల ముందే ఉంది."

చెప్పేశాడు. గంజి, వెంట్రుక, చుక్కలు, ఎండలో తళుక్కు, సముద్ర తీరాల అర, అన్నీ. భార్య గరిటె తిప్పడం ఆపేసింది. ఇప్పుడేమంటుందోనని మాస్టారు ఎదురుచూశాడు. ఇన్నేళ్లు దాచినందుకు తిడుతుందా? అడవి గురించి అడుగుతుందా?

"నా గంజిలో వెంట్రుకా!" అంది భార్య.

"అది కాదే..."

"వడగట్టిన గంజి అది! పెళ్లైన కొత్తలో అన్నంలో వెంట్రుకొచ్చిందని మీ అమ్మ నలుగురిలో నన్ను అన్న రోజు నుంచి, తలకు గుడ్డ చుట్టుకోకుండా నేను పొయ్యి దగ్గరికి రాలేదు. ఈ చేత్తో ఇన్నేళ్లు వండితే ఇంకొక్క వెంట్రుక వచ్చిందని అన్నవాళ్లు లేరు. అది మీ అమ్మదే అయ్యుంటుంది."

"మా అమ్మ జుట్టు పొట్టిది. ఇది పదకొండు అంగుళాలుంది. కొసన రింగు తిరిగింది."

భార్య అటు తిరిగి గరిటె తిప్పడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో తప్పెరగని చెయ్యి ఒకటే ఉందని మాస్టారు ఇన్నాళ్లూ అనుకున్నాడు. రెండున్నాయని ఇప్పుడు తెలిసింది. ఆయన వెళ్లి గడియారం కింద కూర్చున్నాడు.

మూడున్నరకు, అంటే గడియారంలో మూడూ ఇరవై మూడుకు, భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

"రింగు కూడా గీశారా?"

"పద్నాలుగు చుక్కలు."

"ఆ రింగు దగ్గర ఏముంది?"

"ఒక చెట్టు. ఊట. నేనంత చెట్టును చూడలేదే. దానిమీద నంబరు వేశారు. నా వల్ల."

"మన వల్ల," అంది భార్య. లేచి కొంగు దోపుకుని, "రేపు నేనూ వస్తాను. నా గంజి సంగతి మీకేం తెలుసు?" అంది.

విచారణ గది మామూలు ఆఫీసు గదే. పొడుగాటి బల్ల, ఒక కాలు ఊగే కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను. బల్లకు ఒకవైపు ఇస్త్రీ చొక్కా, ఇంకొక ఇస్త్రీ చొక్కాలో. మాస్టారు లేచి నిలబడి, అలవాటైన ఆ మాట మళ్లీ ఎక్కడ జారుతుందోనని భయపడి గబగబా చెప్పేశాడు.

"మేడమ్, ఆ గీత తప్పు. అది దారి కాదు, వెంట్రుక. తెలిసీ ముప్ఫైనాలుగేళ్లు దాచాను. పత్రం సముద్ర తీరాల అరలో ఉంది."

కోడలు అంతవరకూ మామగారి వైపు చూడకుండా కూర్చుంది. ఇప్పుడు చూసింది. తర్వాత తాళాలు పట్టుకుని పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో ముప్ఫైనాలుగేళ్ల దుమ్ముతో ఒక గొట్టం ఉంది. పత్రం బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు పేపరువెయిట్లు పెట్టారు. అధికారిణి భూతద్దం పట్టుకుని వంగి, చాలాసేపు లేవలేదు.

"వెంట్రుకే," అంది చివరికి.

"ఉండొచ్చు మేడమ్," అన్నాడు ఇస్త్రీ చొక్కా తడుముకోకుండా. "కానీ గీసిన ఏ పాతికేళ్లకో వచ్చి పడుండొచ్చు కదా. నిన్ననే ఎవరైనా అంటించి ఉండొచ్చు కదా. రికార్డు గది తాళాలు ఎవరి దగ్గరున్నాయో మీకు తెలుసు. కింద పెన్సిలు గీత ఉంటే రోడ్డు ఉన్నట్టే."

అప్పుడు భార్య కుర్చీలోంచి లేచి, ఎవరూ పిలవకుండానే బల్ల దగ్గరికొచ్చింది.

"ఈ కాగితం కొంచెం నీలంగా ఉంది చూశారా అమ్మా? పాత కాగితాలు పసుపెక్కుతాయి, ఇది ఎక్కలేదు. గంజిలో నీలిమందు కలిపేది నేనొక్కదాన్నే. ఆఫీసు గంజిలో కలపరు. ఈ పూత నాది. వెంట్రుక పూత పైన లేదు, లోపలుంది. గోరు పెట్టి చూడండి, పైన గంజి పొర తగులుతుంది."

అధికారిణి గోరు పెట్టి చూసింది. తల ఊపింది.

"అంటే ఈ వెంట్రుక మీ గంజిలోనే ఉందంటారు."

భార్య ఒకసారి భర్త వైపు చూసింది. అత్తగారు బతికుంటే ఈ మాట వినడానికి ఎంత దూరమైనా నడిచొచ్చేదని ఆమె అనుకుని ఉండాలి.

"ఉంది," అంది. "నాదే. ఆ రోజు సరిగ్గా వడగట్టి ఉండను. గోరువెచ్చటి నీళ్లు తెప్పించండి, నా గంజి ఎలా విడుస్తుందో నాకు తెలుసు."

టీ కాచే మనిషి గ్లాసులో వేడినీళ్లు తెచ్చాడు. భార్య చీర కొంగు తడిపి, ఏటి వంపు దగ్గర నుంచి కొండ పాదం దాకా మెల్లగా అద్దింది. రెండు నిమిషాలు ఆగమంది. అందరూ ఆగారు. తర్వాత చిటికెనవేలి గోటితో ఒక కొస లేపి, రెండు వేళ్లతో పట్టుకుని పైకి లాగింది. బురదలో మునిగిన రోడ్డు, ఏటిని నాలుగుసార్లు దాటిన రోడ్డు, బండ మీంచి దూకిన రోడ్డు, పదకొండు మైళ్లూ తెగకుండా ఊడి ఆమె వేళ్లకు వేలాడింది. కింద కాగితం మీద పెన్సిలు గీత కాదు కదా, నలుసు కూడా లేదు.

"ఫ్యాన్ ఆపండి!" అని అరిచింది అధికారిణి.

ఆ గదిలో అందరూ, ఇస్త్రీ చొక్కాతో సహా, ఒక్కసారే స్విచ్చు వైపు పరిగెత్తారు. కుర్చీ ఒకటి పడిపోయింది. ఫ్యాను ఆగేదాకా భార్య రెండో చేయి అడ్డుపెట్టి రోడ్డును కాపాడింది. తర్వాత స్కేలు పెట్టి కొలిచారు. రింగు విప్పి కొలిస్తే పదకొండు అంగుళాల మీద వెంట్రుకవాసి ఎక్కువుంది. ఇస్త్రీ చొక్కా కాగితాలు సర్దుకుని, టైమెంతయిందని కోడల్ని అడిగాడు.

నియమం ప్రకారం తప్పు గీతను గీసినవాళ్లే తీసేయాలి. మాస్టారు ముందు నలభై ఏళ్ల కిందటి నకలు గుడ్డ పెట్టారు. సిరా రబ్బరుకు పోదు, బ్లేడుతో గీకాలి. ఆయన కోడల్ని బ్లేడు అడిగి తీసుకుని, ఒక్కో చుక్కా గీకడం మొదలుపెట్టాడు. రింగు దగ్గరికి వచ్చాక పద్నాలుగూ లెక్కపెట్టి మరీ గీకాడు. పక్కన 'నా పొరపాటు' అని రాసి సంతకం పెట్టాడు. ఏదో ఘోరం జరుగుతుందనుకున్నాడు కానీ ఏమీ జరగలేదు. కోడలు బల్ల కింద నుంచి ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

అధికారిణి ఉత్తర్వు చెప్పి రాయించింది. అడవి జాబితాలోనే ఉంటుంది, చెట్ల మీద నంబర్లు కంపెనీయే తుడిపించాలి. తర్వాత వెంట్రుకను ఒక కవరులో పెట్టి, ఫైలుకు గుచ్చింది.

"అమ్మా, అది నాది," అంది భార్య.

"ఇప్పుడది సాక్ష్యమండీ. ప్రభుత్వ రికార్డు. ఇవ్వడానికి లేదు."

"నా తలలో నల్ల వెంట్రుక ఒక్కటి కూడా లేదమ్మా ఇప్పుడు. జడ నడుము దాటేదంటే మా కోడలు కూడా నమ్మదు. ఉన్నది ఆ ఒక్కటే, అదీ మీ ఫైల్లో పెట్టుకుంటానంటున్నారు."

అధికారిణి ఆమె తల వైపు చూసింది. పల్చబడి పూర్తిగా తెల్లబడిన జుట్టు, పిన్ను పెట్టుకోవడానికైనా చాలని ముడి. నియమాల్లో దీని గురించి ఏమీ లేదు. చివరికి ఒక రసీదు రాసి, ముద్ర వేసి ఇచ్చింది. 'వెంట్రుక ఒకటి, నల్లది, పదకొండు అంగుళాలు, రింగుతో సహా. ముట్టినది.'

ఇంటికి రాగానే మాస్టారు కుర్చీ వేసుకుని గడియారం దించబోయాడు.

"ఉండనివ్వండి," అంది భార్య. "ఇన్నేళ్లు తప్పు టైము చూపిస్తూనే ఉంది కదా, మనింట్లో అదొక్కటే పరాయిదా?"

నాలుగు నెలలకు కొత్త నక్షా అచ్చై వచ్చింది. కోడలు మొదటి కాపీ ఇంటికి తెచ్చి బల్ల మీద పరిచింది. ఉత్తరపు కొండ అడవి ఏటి నుంచి కొండ దాకా ఒకటే ఆకుపచ్చ. ఒక్క గీత లేదు. మాస్టారు తాను తప్పుచేసిన చోటును వేలితో తడుముతూ పోయి, రింగు ఉండాల్సిన చోట ఆగాడు.

"చెట్టిక్కడ," అన్నాడు.

"ఏదీ?" అంటూ భార్య ఆయన భుజం మీదుగా వంగింది. వంగినప్పుడు ఆమె తలలోంచి ఒక తెల్ల వెంట్రుక రాలి, అడవికి అడ్డంగా పడింది.

"ఇంకో రోడ్డు వేస్తున్నావా?" అన్నాడు మాస్టారు.

భార్య నవ్వాపుకుంటూ ఊదేయబోయింది. ఆయన చేయి అడ్డుపెట్టాడు. రెండు వేళ్లతో వెంట్రుకను జాగ్రత్తగా ఎత్తి, వెలుతురులో ఒకసారి చూసుకుని, కళ్లజోడు పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"అది ప్రభుత్వానిది," అన్నాడు. "ఇది నాది."

"మరి రసీదు?" అంది భార్య, చేయి చాపి.

మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి, కాఫీ కప్పు కింద పెట్టిన కాగితం లాగి, అరచేయి అడ్డుపెట్టుకుని రాసిచ్చాడు. 'వెంట్రుక ఒకటి, తెల్లది. ముట్టినది.' కింద సంతకం చేసి, తేదీ వేసి, గడియారం వైపు చూసి టైము వేశాడు. ఒక్క క్షణం ఆగి, కోడలి దగ్గర రబ్బరు అడిగి తీసుకుని, ఆ టైము తుడిచి ఏడు నిమిషాలు కలిపి రాశాడు.